కౌన్సిల్ మిమ్మల్ని హోటల్ గదిలో పెట్టినప్పుడు హౌసింగ్ బెనిఫిట్ ఎలా తీసుకోవాలి

ఇంగ్లండ్‌లో యజమాని ఇల్లు ఖాళీ చేయించినా, ఇంట్లో హింస భరించలేక పిల్లలతో బయటపడినా, ఇన్నాళ్లూ ఉంచుకున్న బంధువులు ఇక ఉంచుకోలేమని చెప్పినా, స్థానిక పాలన సంస్థ అయిన కౌన్సిల్ హౌసింగ్ ఆఫీసుకు వెళ్లిన కుటుంబానికి ఆ రాత్రికి దొరికేది చాలాసార్లు ఒక హోటల్ గదే. ఇప్పుడు ఆ దేశంలో లక్షకు పైగా కుటుంబాలు కౌన్సిళ్లు చూపిన తాత్కాలిక వసతుల్లో ఉన్నాయి. లండన్‌లో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్ ఏ బరో (కౌన్సిల్ పాలనా ప్రాంతం) కిందకు వస్తుందో, ఆ న్యూహామ్‌లో ఈ ఒత్తిడి దేశంలో మరెక్కడా లేనంతగా ఉంది. అధికారి హోటల్ పేరు, చిరునామా చెప్పి పంపగానే గది ఉచితమనుకునేవారు చాలామంది. అది ఉచితం కాదు. మొదటి రాత్రి నుంచే ఆ గదికి రోజువారీ ఛార్జీ మీ పేరు మీద నడుస్తుంది. దాన్ని తీర్చేది, తక్కువ ఆదాయం ఉన్నవారికి అద్దె కోసం ఇచ్చే సాయమైన హౌసింగ్ బెనిఫిట్, అది మీరు అడిగితే తప్ప రాదు. హోటల్‌లో దిగిన రోజే దరఖాస్తు చేయండి. ఈ వ్యాసంలో మిగిలినదంతా ఆ దరఖాస్తును తప్పు లేకుండా ఎలా చేయాలన్నదే.

ఇక్కడ చెప్పేది ఇంగ్లండ్ నియమాల ప్రకారం. స్కాట్లండ్, వేల్స్‌లలో హౌసింగ్ బెనిఫిట్ నియమాలు చాలావరకు ఇవే అయినా, ఇల్లు లేనివారికి వసతి చూపే చట్టాలు వేరు.

దరఖాస్తుకు ముందు వీసా షరతు చూసుకోండి

మన తెలుగువారికి అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇది కాబట్టి దీన్నే ముందు చెబుతున్నాను. స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్ వీసా, వారి డిపెండెంట్ వీసా, భర్త లేదా భార్య మీద వచ్చిన స్పౌజ్ వీసా, వీటన్నిటి మీదా సాధారణంగా ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’, అంటే ప్రభుత్వ సాయాలు వాడుకోకూడదు అనే షరతు ఉంటుంది. హౌసింగ్ బెనిఫిట్, తక్కువ ఆదాయం ఉన్నవారికి రోజువారీ ఖర్చులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్, ఇల్లు లేనివారికి కౌన్సిల్ చూపే వసతి, మూడూ పబ్లిక్ ఫండ్స్ కిందకే వస్తాయి. ఆ షరతు ఉండగా వీటికి దరఖాస్తు చేస్తే డబ్బు రాకపోవడంతో సరిపోదు, వీసా షరతును ఉల్లంఘించినట్టు కావచ్చు, రేపు పొడిగింపుకో శాశ్వత నివాసానికో వెళ్లినప్పుడు అది అడ్డం రావచ్చు. పాత ప్లాస్టిక్ కార్డుల స్థానంలో ఇప్పుడు ఈవీసా వచ్చింది కనుక, మీ ఆన్‌లైన్ ఇమిగ్రేషన్ ఖాతాలోకి వెళ్లి మీ అనుమతి కింద ఏమి రాసి ఉందో చదవండి. బ్రిటిష్ పౌరులకు, శాశ్వత నివాస అనుమతి ఉన్నవారికి, శరణార్థి హోదా పొందినవారికి ఈ అడ్డంకి మామూలుగా ఉండదు. అయితే మాతృదేశానికి వెళ్లి కొన్నేళ్లు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి తిరిగొచ్చిన బ్రిటిష్ పౌరులు తమ స్థిర నివాసం మళ్లీ ఇక్కడేనని నిరూపించుకోవలసి వస్తుంది. పిల్లల బడి చేరిక, ఉద్యోగ ప్రయత్నం, డాక్టర్ దగ్గర నమోదు వంటి ఆధారాలు అక్కడ పనికొస్తాయి. మరో మాట, బిడ్డ బ్రిటిష్ పౌరుడైనంత మాత్రాన తల్లిదండ్రుల వీసా మీది షరతు తొలగిపోదు.

షరతు ఉన్నవారు రోడ్డున పడవలసిందేనా అంటే, కాదు. పిల్లలున్న కుటుంబాన్ని 1989 చిల్డ్రన్ యాక్ట్ 17వ సెక్షన్ కింద కౌన్సిల్ సోషల్ సర్వీసెస్ ఆదుకోవచ్చు. అది పబ్లిక్ ఫండ్స్ లెక్కలోకి రాదు కనుక అడగడానికి జంకనవసరం లేదు. గృహహింస వల్ల సంబంధం తెగిన భార్యకు లేదా భర్తకు, బాధిత వలసదారుల రాయితీ కింద మూడు నెలల పాటు పబ్లిక్ ఫండ్స్ వాడుకునే అనుమతి దొరకవచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి ఉద్యోగ, విద్యార్థి వీసాల మీద వచ్చినవారి భాగస్వాములకు కూడా ఈ దారి తెరిచారు. కానీ దాన్ని తీసుకుంటే ఉన్న వీసా పోయి ఆ మూడు నెలల అనుమతి మిగులుతుంది, అందుచేత ముందు గుర్తింపు ఉన్న ఇమిగ్రేషన్ సలహాదారుతో మాట్లాడకుండా ఆ అడుగు వేయకండి. దంపతుల్లో ఒకరికి హక్కు ఉండి మరొకరికి లేని ఇళ్లకూ ఇదే మాట. హక్కు ఉన్నవారు దరఖాస్తు చేయవచ్చు కానీ, రెండోవారి మూలంగా డబ్బు పెరిగితే ఆ రెండోవారి వీసాకు ఇబ్బంది కలుగుతుంది.

శరణు కోరి హోమ్ ఆఫీస్ ఏర్పాటు చేసిన హోటల్‌లో ఉన్నవారికి ఈ వ్యాసం వర్తించదు. వారికి అందేది వేరే సాయం.

గది ఎవరిచ్చారో, డబ్బు ఎవరికి చెల్లించాలో తేల్చుకోండి

మీ అంతట మీరు ఒక బడ్జెట్ హోటల్‌లో గది తీసుకుని, ఆ రసీదులు పట్టుకుని హౌసింగ్ బెనిఫిట్ అడిగితే రాదు. ఉద్యోగం చేసే వయసులో ఉన్నవారికి అద్దె సాయం ఇప్పుడు మామూలుగా యూనివర్సల్ క్రెడిట్‌లోనే కలిసి వస్తుంది. దానికి ఉన్న ప్రధాన మినహాయింపుల్లో ఒకటి, 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నది, ఇల్లు లేనివారికి కౌన్సిల్ చూపిన తాత్కాలిక వసతి. ఆ మినహాయింపు కిందకు రావాలంటే, ఇల్లు లేని కుటుంబానికి వసతి చూపే తన బాధ్యతలో భాగంగా కౌన్సిల్ మిమ్మల్ని అక్కడ ఉంచి ఉండాలి, గది ఛార్జీ మీరు చెల్లించవలసింది కౌన్సిల్‌కు లేదా దాని తరఫున పనిచేసే హౌసింగ్ అసోసియేషన్‌కు అయి ఉండాలి. కాబట్టి సొంత డబ్బుతో హోటల్‌లో గడుపుతున్నవారు డబ్బు అయిపోయేదాకా ఆగకుండా ఈరోజే కౌన్సిల్‌కు ఇల్లు లేనివారిగా దరఖాస్తు చేసుకోవాలి. పిల్లలున్నా, ఇంట్లో గర్భిణి ఉన్నా, గృహహింస వల్ల బయటకు వచ్చినా, మీకు అర్హత ఉండవచ్చని, ఉండడానికి చోటు లేదని కౌన్సిల్‌కు అనిపిస్తే చాలు, విచారణ పూర్తయ్యేలోపే 1996 హౌసింగ్ యాక్ట్ 188వ సెక్షన్ కింద తాత్కాలిక వసతి చూపాలి.

గది ఇచ్చేటప్పుడు ఇచ్చే కాగితాన్ని, ఈమెయిల్‌ను జాగ్రత్తగా దాచండి. అందులో ఉండవలసినవి నాలుగు: వసతి మొదలైన తేదీ, రోజుకు ఛార్జీ ఎంత, ఆ ఛార్జీలో ఏమేమి కలిసి ఉన్నాయి, డబ్బు ఎవరికి చెల్లించాలి. రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసి ‘ఫలానా హోటల్‌కు వెళ్లండి’ అని మాత్రమే చెప్పి ఉంటే, మర్నాడే ఆ వివరాలన్నీ రాతపూర్వకంగా పంపమని హౌసింగ్ ఆఫీసర్‌కు ఈమెయిల్ పెట్టండి. అదే ఈమెయిల్‌లో ఇంకో ప్రశ్న కూడా అడగండి: హౌసింగ్ బెనిఫిట్ ఏ కౌన్సిల్‌కు దరఖాస్తు చేయాలి? లండన్ కౌన్సిళ్లు తమ కుటుంబాలను వేరే బరోలకు, ఒక్కోసారి వేరే ఊళ్లకు పంపుతుంటాయి. హోటల్ ఎక్కడున్నా, ఛార్జీ తనకు చెల్లించవలసి ఉంటుంది కనుక మిమ్మల్ని ఉంచిన కౌన్సిలే సాధారణంగా హౌసింగ్ బెనిఫిట్ కూడా చూస్తుంది. అయినా జవాబు రాతలో ఉంటే, రేపు రెండు ఆఫీసులు మిమ్మల్ని ఒకరి దగ్గరికి ఒకరు తిప్పే పరిస్థితి రాదు.

ఒకటి కాదు, రెండు దరఖాస్తులు

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. తిండికి, బట్టకు, రోజువారీ ఖర్చులకు యూనివర్సల్ క్రెడిట్ కేంద్ర ప్రభుత్వం దగ్గర అడగాలి. హోటల్ గది ఛార్జీకి హౌసింగ్ బెనిఫిట్ కౌన్సిల్ దగ్గర అడగాలి. ఒకదానికి చేసిన దరఖాస్తు రెండోదానికి చెల్లదు, ఒక ఆఫీసుకు చెప్పిన సంగతి రెండో ఆఫీసుకు దానంతటది చేరుతుందని నమ్ముకోకూడదు. పెన్షన్ వయసు దాటినవారు యూనివర్సల్ క్రెడిట్ బదులు పెన్షన్ క్రెడిట్ అడగాలి, హౌసింగ్ బెనిఫిట్ మాత్రం వారికీ కౌన్సిల్ దగ్గరే.

లెక్క చూస్తే ఆలస్యం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. ఊరికే ఉదాహరణకు, గది ఛార్జీ రోజుకు 60 పౌండ్లు అనుకుందాం. వారానికి 420 పౌండ్లు. యూనివర్సల్ క్రెడిట్ మొదటి సొమ్ము రావడానికి దాదాపు ఐదు వారాలు పడుతుంది. ‘ముందు అది రానీ, తరవాత గది సంగతి చూద్దాం’ అనుకున్న కుటుంబం పేరు మీద ఆ ఐదు వారాల్లో 2,100 పౌండ్ల బాకీ పేరుకుంటుంది. గది బాకీ పెరిగితే కౌన్సిల్ వసతిని ఆపవచ్చు, మీ చేజేతులా ఇల్లు పోగొట్టుకున్నారని తేల్చవచ్చు. ఆ ముద్ర పడితే తరవాత శాశ్వత వసతి దొరకడం చాలా కష్టం. అందుకే యూనివర్సల్ క్రెడిట్ నిర్ణయం రాకముందే హౌసింగ్ బెనిఫిట్ ఫారమ్ పంపండి, ‘యూనివర్సల్ క్రెడిట్‌కు దరఖాస్తు చేశాను, నిర్ణయం రావలసి ఉంది’ అని అందులో రాయండి. ఈలోపు ఇంటి ఖర్చులకు యూనివర్సల్ క్రెడిట్‌లో అడ్వాన్స్ అడగవచ్చు. అది అప్పు, తరవాతి నెలల్లో కోసుకుంటారు.

ఇప్పటికే యూనివర్సల్ క్రెడిట్ తీసుకుంటూ, అందులో పాత ఇంటి అద్దె కూడా వస్తున్నవారు, చిరునామా మారిన రోజే ఆన్‌లైన్ ఖాతాలో మార్పు నమోదు చేయాలి. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా కౌన్సిల్ నన్ను ఇల్లు లేనివారికిచ్చే తాత్కాలిక వసతిలో, ఫలానా హోటల్‌లో ఉంచింది. ఈ వసతి ఛార్జీకి హౌసింగ్ బెనిఫిట్ కౌన్సిల్ దగ్గర అడుగుతున్నాను’ అని ఆ ఖాతాలో అధికారులకు సందేశాలు రాసే జర్నల్‌లో రెండు వాక్యాలు పెడితే చాలు. పాత అద్దె అలాగే వస్తూ ఉంటే సంతోషించకండి, అది అధిక చెల్లింపు, వెనక్కి కట్టించుకుంటారు. పాత ఇంటి కౌన్సిల్ ట్యాక్స్ విభాగానికి కూడా ఖాళీ చేసిన తేదీ తెలియజేయండి.

ఫారమ్ నింపడం

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఫారమ్ ఉంటుంది. ఆన్‌లైన్‌లో నింపడం రానివారు ఫోన్ చేసి, లేదా ఆఫీసుకు వెళ్లి సాయం అడగవచ్చు, తెలుగు దుబాసీ కావాలని కూడా అడగవచ్చు. దయచేసి బడికెళ్లే పిల్లల చేత ఈ మాటలు అనువాదం చేయించకండి. ఇంటి కష్టాన్ని అధికారికి వివరించే భారం ఆ వయసు పిల్లల మీద పడకూడదు, పైగా తేదీలు, అంకెలు తారుమారైతే నష్టం ఇంటిల్లిపాదికీ. వెంటనే ఫారమ్ నింపలేని స్థితిలో ఉంటే, దరఖాస్తు చేయదలిచానని ముందు ఫోన్‌లోనో ఈమెయిల్‌లోనో తెలియజేసి, నెల లోపు ఫారమ్ పూర్తిచేసి ఇస్తే, మొదట తెలియజేసిన తేదీనే దరఖాస్తు తేదీగా తీసుకుంటారు.

ఇంటి యజమాని ఎవరు అన్న చోట హోటల్ పేరు రాయకండి, కౌన్సిల్ పేరు రాయండి. హోటల్ పేరు రాస్తే ప్రైవేటు అద్దె అనుకుని ‘యూనివర్సల్ క్రెడిట్‌లో అడగండి’ అని తిప్పి పంపే అవకాశం ఉంది. వసతి రకం అన్న చోట ఇల్లు లేనివారికి కౌన్సిల్ చూపిన తాత్కాలిక వసతి అన్నది ఎంచుకోండి. ఎప్పటి నుంచి ఉంటున్నారన్న చోట మొదటి రాత్రి తేదీ వేయండి. మీరు సామాను తెచ్చుకున్న తేదీ వేరైనా సరే, ఛార్జీ మొదలైన తేదీయే ముఖ్యం. ఛార్జీని రోజుకు ఎంతో, వారానికి ఎంతో రెండూ రాయండి. దానిలో వేడి, వెలుతురు, వేన్నీళ్లు, ఉదయపు టిఫిన్ కలిసి ఉన్నాయా అని అడిగితే కౌన్సిల్ కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాయండి.

జత చేయవలసినవి సాధారణంగా ఇవి: పాస్‌పోర్టు లేదా ఇతర గుర్తింపు, మీ ఇమిగ్రేషన్ స్థితిని కౌన్సిల్ చూసుకోవడానికి ఇచ్చే ఈవీసా షేర్ కోడ్, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, ఉన్న అన్ని బ్యాంకు ఖాతాల ఇటీవలి స్టేట్‌మెంట్లు, ఉద్యోగం ఉంటే పే స్లిప్పులు, యూనివర్సల్ క్రెడిట్ వివరం, పిల్లల జనన ధ్రువపత్రాలు, కౌన్సిల్ ఇచ్చిన వసతి కాగితం. ఏదైనా కాగితం పాత ఇంట్లో ఉండిపోయినా, హింసకు పాల్పడినవారి దగ్గరే ఉన్నా, ఆ సంగతి రాసి ఫారమ్ మాత్రం పంపేయండి. కాగితాలు ఇవ్వడానికి కౌన్సిల్ కనీసం ఒక నెల గడువు ఇవ్వాలి.

మన పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, బ్యాంకులో పొడి అక్షరంగా మరో చోట, వీసాలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండడం మన దగ్గర మామూలే. కంప్యూటర్ మాత్రం వీరిద్దరూ వేరు వేరు మనుషులనుకుంటుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఫారమ్‌లో రాసి, బ్యాంకు లేదా నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డులో తేడా ఉంటే ఆ తేడాను అదనపు సమాచారం గడిలో ఒక వాక్యంలో వివరించండి. వారాల ఆలస్యం తప్పుతుంది.

ఆస్తుల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. 16,000 పౌండ్లకు మించి పొదుపు, ఆస్తి ఉన్నవారికి యూనివర్సల్ క్రెడిట్ గానీ హౌసింగ్ బెనిఫిట్ గానీ సాధారణంగా రాదు. పెన్షన్ క్రెడిట్‌లో గ్యారంటీ భాగం పొందుతున్న వృద్ధులకు ఈ పరిమితి లేదు. పని చేసే వయసువారికి 6,000 పౌండ్లు దాటిన సొమ్ము మీద కొంత ఆదాయం వస్తున్నట్టు లెక్క కడతారు. ఈ లెక్కలోకి ఇండియాలో ఉన్నవీ వస్తాయి. మియాపూర్‌లో కొన్న ఫ్లాటు, ఊళ్లో మీ పేరున ఉన్న ఎకరం పొలం, బ్యాంకులో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్, మీరు కడుతున్న చిట్టీ, అన్నీ చెప్పాలి. పంపకాలు కాని ఉమ్మడి ఆస్తిలో వాటా ఉంటే ‘ఇంకా నా పేరు మీద లేదు కదా’ అని వదిలేయకుండా, ఉన్న స్థితి ఉన్నట్టు రాసి విలువ కట్టమని అడగండి. అమ్మడానికి వీలుకాని ఉమ్మడి వాటాకు నిజంగా పలికే ధర చాలా తక్కువే ఉండవచ్చు, ఆ వాదన మీకు ఉపయోగపడుతుంది. దాచిపెట్టి తరవాత బయటపడితే మాత్రం అది మోసం కింద నిలుస్తుంది. ఒంటి మీది బంగారం, ఇంటి సామాను వంటి సొంత వస్తువులను మామూలుగా లెక్కలో కలపరు.

ఆలస్యమైతే ఏం చేయాలి

హోటల్‌కు వచ్చి కొన్ని వారాలయ్యాక ఈ సంగతి తెలిసినవారు ముందు ఈరోజే దరఖాస్తు చేయండి, దాంతోపాటు వెనకటి తేదీ నుంచి ఇవ్వమని వేరే రాతలో కోరండి. పని చేసే వయసువారికి గరిష్ఠంగా ఒక నెల వెనక్కి ఇస్తారు, అదీ ఆ కాలమంతా దరఖాస్తు చేయలేకపోవడానికి సరైన కారణం ఉందని చూపిస్తేనే. పెన్షన్ వయసువారికి కారణం చూపనక్కరలేకుండానే మూడు నెలల వరకు వెనక్కి వెళ్తారు. పని చేసే వయసువారు చూపే కారణంగా ‘నాకు తెలియలేదు’ అన్న ఒక్క మాట సరిపోదు. ఆస్పత్రిలో ఉన్నాను, హింస నుంచి బయటపడిన స్థితిలో ఉన్నాను, హౌసింగ్ ఆఫీసర్‌ను ఫలానా తేదీన అడిగితే చేయవలసిందేమీ లేదన్నారు, ఇంగ్లిషు రాక యూనివర్సల్ క్రెడిట్‌లోనే అన్నీ కలిసి ఉన్నాయని అనుకున్నాను, ఇలా తేదీలతో సహా రాయండి, ఆస్పత్రి కాగితం గానీ ఈమెయిల్ గానీ ఉంటే జత చేయండి.

గదికి హౌసింగ్ బెనిఫిట్ వచ్చినా మీ చేతి నుంచి కట్టవలసినది

ఈ సొమ్ము మీ చేతికి రాదు, కౌన్సిల్‌లో మీ పేరు మీది గది ఖాతాలో నేరుగా జమ అవుతుంది. గది కిరాయి భాగానికి హౌసింగ్ బెనిఫిట్ వర్తిస్తుంది కానీ, మీ గదిలో వాడుకునే వేడి, కరెంటు, వేన్నీళ్లు, హోటల్ పెట్టే టిఫిన్ లేదా భోజనం దానిలోకి రావు. వీటికి ప్రభుత్వం ప్రతి ఏడాదీ నిర్ణయించే మొత్తాలను ఛార్జీలోంచి తీసేసి మిగిలినదానికే సొమ్ము జమ చేస్తారు. ఆ తీసేసిన భాగం వారం వారం మీరే కట్టాలి. ‘హౌసింగ్ బెనిఫిట్ వచ్చింది, ఇక బాకీ లేదు’ అనుకుని ఊరుకున్నవారి ఖాతాలో ఈ చిన్న మొత్తాలే నెలలు గడిచేకొద్దీ వందల పౌండ్లవుతాయి. నిర్ణయ లేఖ వచ్చిన రోజే ఆ వారపు మొత్తం ఎంతో చూసుకుని, మీ బ్యాంకు ఖాతాలోంచి అది వారం వారం దానంతటదే వెళ్లేలా స్టాండింగ్ ఆర్డర్ పెట్టుకోండి.

మీ హోటల్‌లో టిఫిన్ అసలు పెట్టకపోయినా దాని పేరు చెప్పి తగ్గిస్తే అభ్యంతరం చెప్పండి. నిజంగా ఇవ్వనిదానికి కోత ఉండకూడదు.

హౌసింగ్ ఆఫీసులో ‘హోటల్‌కు అయ్యే ఖర్చులో ప్రభుత్వం మాకు కొంతే ఇస్తుంది’ అన్న మాట వినపడుతుంది. అది నిజమే. హోటళ్లలాంటి వసతికి కేంద్రం కౌన్సిల్‌కు తిరిగి ఇచ్చేది, 2011 జనవరి నాటి ఒక పడకగది అద్దె రేటు దాటదు. మిగిలిన భారం కౌన్సిల్ మీదే పడుతుంది. కానీ ఆ పరిమితి కౌన్సిల్‌కూ కేంద్రానికీ మధ్య లెక్క. మీ హౌసింగ్ బెనిఫిట్ అర్హతను దాని పేరు చెప్పి తగ్గించకూడదు, ఆ తేడాను మిమ్మల్ని కట్టమంటే వెంటనే సలహా కేంద్రానికి వెళ్లండి.

ఉద్యోగం చేస్తున్నవారికి

యూనివర్సల్ క్రెడిట్ ఎంతో కొంత వస్తున్నంత కాలం హౌసింగ్ బెనిఫిట్ పూర్తిగా వస్తుంది. జీతం పెరిగి యూనివర్సల్ క్రెడిట్ సున్నా అయితే, కౌన్సిల్ మీ ఆదాయాన్ని తన పద్ధతిలో మళ్లీ లెక్కిస్తుంది. నిర్ణీత మొత్తం దాటిన ప్రతి పౌండ్‌కు 65 పెన్సులు తగ్గుతాయి. అంటే కొంచెం ఎక్కువ గంటలు పనిచేసినందుకు గది ఛార్జీలో పెద్ద భాగం ఒక్కసారిగా మీ మీద పడవచ్చు. వారం జీతం వచ్చేవారికి కొన్ని నెలల్లో ఐదు జీతాలు పడతాయి, నెల జీతం సెలవుల వల్ల ముందుగా పడితే ఒకే లెక్క కాలంలో రెండు జీతాలు కనిపిస్తాయి. ఆ నెల యూనివర్సల్ క్రెడిట్ సున్నా అయితే, హౌసింగ్ బెనిఫిట్ విభాగానికి అదే వారం పే స్లిప్పులతో తెలియజేయండి. నెల జీతం రెండుసార్లు పడినట్టు కనిపిస్తే, ఒక జీతాన్ని దాని అసలు నెలకు మార్చమని జర్నల్‌లో కోరవచ్చు. అదనపు గంటలు ఒప్పుకునే ముందు సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థ లాంటి చోట లెక్క వేయించుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. కష్టపడి పనిచేసే కుటుంబాన్ని ఇలా శిక్షించే నియమం అన్యాయమైనదే అయినా, అది ఉందని తెలిసి నడుచుకుంటే కనీసం బాకీ తప్పించుకోవచ్చు.

హోటల్ మారినప్పుడు, ఊరికి వెళ్లినప్పుడు

గదులు రోజుల లెక్కన తీసుకుంటారు కనుక ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కు మారమనడం మామూలు. మారిన ప్రతిసారీ కొత్త చిరునామా, తేదీ, కొత్త ఛార్జీ హౌసింగ్ బెనిఫిట్ విభాగానికి, యూనివర్సల్ క్రెడిట్‌కు విడివిడిగా తెలియజేయాలి. గది మార్చిన హౌసింగ్ ఆఫీసర్, బెనిఫిట్ విభాగం ఒకే భవనంలో ఉన్నా ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవచ్చు.

గదిలో నిజంగా నివసించాలి. చాలా హోటళ్లలో రోజూ సంతకం చేయిస్తారు. వారాంతానికి స్నేహితుల ఇంటికి వెళ్లి సంతకం తప్పితే, గది అవసరం లేదని కౌన్సిల్ బుకింగ్ రద్దు చేసే ప్రమాదం ఉంది. ఇండియా ప్రయాణం ఇంకా పెద్ద విషయం. నియమాల ప్రకారం విదేశంలో నాలుగు వారాల వరకు హౌసింగ్ బెనిఫిట్ కొనసాగవచ్చు, దగ్గరి బంధువు మరణిస్తే ఇంకో నాలుగు వారాలు పొడిగించవచ్చు. కానీ అన్ని రాత్రులు ఖాళీగా ఉండే గదిని కౌన్సిల్ మీకోసం అట్టిపెడుతుందన్న హామీ లేదు. తల్లిదండ్రులకు ప్రాణం మీదికి వచ్చి వెళ్లక తప్పనప్పుడు, టికెట్ కొనేముందే హౌసింగ్ ఆఫీసర్‌కు కారణం, తేదీలు రాసి, గది నిలిపి ఉంచుతామన్న జవాబు రాతలో తీసుకోండి.

నిర్ణయం వచ్చాక

కావలసిన కాగితాలన్నీ అందిన 14 రోజుల్లోపు, వీలైనంతవరకు, కౌన్సిల్ నిర్ణయం చెప్పాలి. లేఖలో మొదలైన తేదీ, వారపు ఛార్జీ, తీసేసిన మొత్తాలు, ఇంట్లో ఉన్నవారి సంఖ్య సరిచూడండి. తప్పుంటే లేఖ తేదీ నుంచి ఒక నెల లోపు తిరిగి పరిశీలించమని కోరవచ్చు, లేదా కౌన్సిల్ ద్వారానే ట్రైబ్యునల్‌కు అప్పీలు చేయవచ్చు. యూనివర్సల్ క్రెడిట్‌లోలాగా ముందు పునఃపరిశీలన కోరి తీరాలన్న నియమం దీనికి లేదు. ఈలోగా గది బాకీ విభాగానికి ‘హౌసింగ్ బెనిఫిట్ అప్పీలు నడుస్తోంది, దయచేసి చర్యలు ఆపండి’ అని ఈమెయిల్ చేసి, మీ వంతు వారపు మొత్తాన్ని మాత్రం ఆపకుండా కడుతూ ఉండండి.

ఇల్లు లేనివారిగా మీ దరఖాస్తు మీద వచ్చే నిర్ణయం వేరు, దాని గడువు వేరు. దాన్ని తిరిగి పరిశీలించమని కోరడానికి 21 రోజులే ఉంటాయి. ఈ రెండు లేఖలను ఒకే కవర్‌లో పెట్టి గడువులు కలిపేసుకోకండి. పిల్లలున్న లేదా గర్భిణి ఉన్న కుటుంబాన్ని, వంటగది లేని లేదా ఇతరులతో పంచుకోవలసిన ప్రైవేటు హోటల్ గదిలో, వేరే చోటు దొరకనప్పుడు మాత్రమే, అదీ ఆరు వారాలకు మించకుండా ఉంచవచ్చు. ఐదో వారంలోనే ‘ఆరు వారాలు ఫలానా తేదీకి పూర్తవుతాయి, తగిన వసతి చూపండి’ అని రాయండి. మైక్రోవేవ్ కూడా లేని గదిలో పిల్లలకు ఏం పెడుతున్నారో, చిన్నబిడ్డ పాలు ఎలా కాస్తున్నారో కూడా రాయండి. ఉచిత సలహాకు ఇల్లు లేనివారికి సాయపడే షెల్టర్ సంస్థ, సిటిజన్స్ అడ్వైస్, మీ ప్రాంతపు లా సెంటర్ ఉన్నాయి.

హోటల్ వదిలి వెళ్లేటప్పుడు, కొత్త చోటు ఏ రకమో హౌసింగ్ ఆఫీసర్‌ను అడగండి. అది కూడా కౌన్సిల్ చూపిన తాత్కాలిక ఫ్లాటే అయితే హౌసింగ్ బెనిఫిట్‌లోనే చిరునామా, ఛార్జీ మార్చుకోవాలి. మామూలు ప్రైవేటు అద్దె గానీ, శాశ్వత కౌన్సిల్ ఇల్లు గానీ అయితే, పని చేసే వయసువారికి హౌసింగ్ బెనిఫిట్ అక్కడితో ఆగిపోతుంది. తాళంచెవులు తీసుకున్న రోజే యూనివర్సల్ క్రెడిట్‌లో కొత్త అద్దె నమోదు చేయాలి. హోటల్ గది ఖాతా తుది లెక్క రాతలో అడిగి తీసుకుని, అందులో చివరి రాత్రి తేదీ, మీరు కట్టిన వారపు మొత్తాలు, హౌసింగ్ బెనిఫిట్ జమలు సరిగా ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.